ఫ్యాషన్‌లో అడుగుపెట్టే పిల్లలకు పవర్ మిషన్ ఎంతవరకు పనికొస్తుంది?

గార్మెంట్ ఫ్యాక్టరీల్లో వరుసలు వరుసలుగా కనిపించే సింగిల్ నీడిల్ పవర్ మిషన్ ఇప్పుడు బొటిక్‌లు దాటి ఇళ్ళలోకి కూడా వచ్చేసింది. కంపెనీ ఏదైనా సరే, టైలర్లు దీన్ని జాక్ మిషన్ అనో జూకీ మిషన్ అనో అంటారు. ఇంటరో డిగ్రీయో పూర్తిచేసి, తమ బట్టలు తామే రూపొందించుకోవాలని, కుదిరితే దాన్నే బతుకుతెరువుగా చేసుకోవాలని ఆశపడే పిల్లలు, వాళ్ళ వెంట వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగేది ఈ మిషన్ గురించే. అంత డబ్బు పెట్టి కొనడం సబబేనా, కొన్న తరువాత మూలన పడి ఉంటుందా అన్నది వాళ్ళ సందేహం. గుంటూరులో చిన్న టైలరింగ్ దుకాణం నడుపుతున్నదాన్ని కనుక, నా దుకాణంలోను మా మేనకోడలి గదిలోను ఈ రకం మిషన్ మీద జరుగుతున్న పనిని రోజూ చూస్తున్నదాన్ని కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను. ఫలానా కంపెనీ మోడల్ అని కాకుండా ఈ రకం గురించి రాయడానికి ఒక కారణం ఉంది. దాదాపు అన్ని కంపెనీల మిషన్లకూ లోపలి అమరిక ఒకటే. డీబీ ఒకటి అని పిలిచే గుండ్రటి మొదలున్న సూది, కింది దారం చుట్టే బాబిన్, బాబిన్ కేస్, బట్టను నొక్కి పట్టే ప్రెషర్ ఫుట్ ఒక కంపెనీవి ఇంకో కంపెనీ మిషన్‌కు సాధారణంగా సరిపోతాయి.

ముందుగా, మన ఇళ్ళలో అమ్మమ్మల కాలం నుంచి ఉన్న నల్ల తొక్కుడు మిషన్‌కూ దీనికీ తేడా ఏమిటో చెప్పాలి. నల్ల మిషన్‌లో కింది దారాన్ని పట్టే షటిల్ కొంతదూరం తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. అలా ముందుకూ వెనక్కూ ఊగే యంత్రానికి వేగంలో ఒక హద్దు ఉంటుంది కాబట్టి నిమిషానికి వెయ్యి కుట్లు దాటించడం కష్టం. పవర్ మిషన్‌లో షటిల్ స్థానంలో ఉండే హుక్ ఆగకుండా ఒకే దిక్కుకు గుండ్రంగా తిరుగుతుంది, ఒక్కో కుట్టుకు రెండు చుట్లు పూర్తిచేస్తుంది. అందువల్లనే ఇది నిమిషానికి నాలుగైదు వేల కుట్లు వేయగలుగుతోంది. అయితే కొత్తగా నేర్చుకునేవారికి అంత వేగంతో పనే లేదు. వాళ్ళకు కావలసింది మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు వరకు ఒకే పొడవు, ఒకే బిగువు. బరువైన తల కదలకుండా నిలబడి, కింది పళ్ళు బట్టను సమంగా జరుపుతూ పోవడం వల్ల ఈ మిషన్ ఆ రెండింటినీ ఇస్తుంది. నేను దీన్ని మెచ్చుకోవడానికి మొదటి కారణం అదే.

మోటారు విషయంలో తప్పనిసరిగా జాగ్రత్త పడాలి. పాత పవర్ మిషన్లకు బల్ల కింద పెద్ద క్లచ్ మోటారు ఉంటుంది. స్విచ్ వేసినప్పటి నుంచి కుడుతున్నా కుట్టకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది, హోరు పెడుతూనే ఉంటుంది, కరెంటు తింటూనే ఉంటుంది. పెడల్ మీద కాలు కొంచెం ఎక్కువ పడితే మిషన్ ఒక్కసారిగా దూకుతుంది. సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు వచ్చిందని ఇలాంటిది కొని పిల్లలకు ఇస్తే, మొదటి వారంలోనే భయపడి దాని దగ్గరికి రావడం మానేస్తారు. ఇప్పుడు వస్తున్న డైరెక్ట్ డ్రైవ్ మిషన్లలో సర్వో మోటారును నేరుగా మిషన్ ఇరుసుకే బిగిస్తారు. బెల్టు ఉండదు, కాలు పెట్టినప్పుడే తిరుగుతుంది, బాగా తక్కువ చప్పుడు చేస్తుంది. అన్నిటికంటె ముఖ్యంగా, ముందున్న బటన్లతో గరిష్ఠ వేగాన్ని తగ్గించి పెట్టుకోవచ్చు. ఈ మిషన్‌కు కొత్తవారికి నేను దాన్ని బాగా తగ్గించి ఇస్తాను. దారం తీసేసి, గీతల కాగితం మీద సూదిని గీత వెంబడి నడపడం, తరువాత వంకర గీతలు, ఆ తరువాత చతురస్రం మూలలు తిప్పడం వచ్చాకే బట్ట చేతికిస్తాను. వేగం దానంతట అదే వస్తుంది, దానికోసం తొందరపడనవసరం లేదు.

ఈ మిషన్ ఒక కొత్త డిజైనర్‌కు ఏమి ఇస్తుందో మా మేనకోడలు కుట్టుకున్న ఒక పొడుగు కోటును చూస్తే తెలుస్తుంది. మంగళగిరి నూలు బట్టతో, మోకాళ్ళ కిందికి దిగేలా, ముందు తెరిచి ఉండేలా తానే గీసి, తానే కత్తిరించి కుట్టింది. చిన్న చిన్న గోపురాలు వరుసగా నిలబెట్టినట్టు జరీతో నేసే నిజాం అంచు మంగళగిరికి ప్రత్యేకం కదా. ఆ అంచును అందరూ పెట్టే చోట, అంటే కింది కొసన పెట్టకుండా, కాలరు లోపలి వైపుకూ చేతుల మడతల లోపలికీ వేసింది. మామూలుగా నిలబడినప్పుడు బయటికి సాదా ఆకుపచ్చ బట్ట మాత్రమే కనిపిస్తుంది. చేతులు మడిచినప్పుడు, కాలరు కాస్త పక్కకు తొలగినప్పుడు జరీ మెరుస్తుంది. నలుగురిలో ఎక్కువగా మాట్లాడని పిల్ల తనను తాను చూపించుకోవడానికి ఎంచుకున్న పద్ధతి అది. ఇటువంటి ఆలోచన కొన్న బట్టల్లో దొరకదు. టైలరుకు చెప్పి చేయించుకోవాలన్నా, మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెట్టగలిగే వయసు కాదు.

అయితే ఆలోచన ఉంటే సరిపోదు, అది బట్ట మీద నిలబడాలి. చేనేత నూలు బట్టను కత్తిరించిన చోటల్లా పోగులు ఊడిపోతూ ఉంటాయి. మా మేనకోడలు ముందు బట్టను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేసి ఇస్త్రీ చేసుకుంది, లేకపోతే మొదటి ఉతుకులోనే కోటు కురచైపోయేది. ఆ తరువాత పక్క కుట్లన్నీ ఫ్రెంచ్ సీమ్ పద్ధతిలో వేసింది. రెండు ముక్కలను లోపలి వైపులు ఎదురెదురుగా కలిపి పావు అంగుళం లోపలికి ఒక కుట్టు వేసి, కుట్టు బయట మిగిలిన మార్జిన్‌ను సగానికి కత్తిరించి, తిరగదీసి, అంచును వేలిగోటితో నొక్కి, ఇస్త్రీ చేసి, పోగులన్నీ లోపల మూసుకుపోయేలా రెండో కుట్టు వేయాలి. మొదటి కుట్టు ఎక్కడైనా కొంచెం వంకర పోతే రెండో కుట్టు దాన్ని దాటిపోయి, బయటికి పోగులు తొంగిచూస్తాయి. సాదా మిషన్ మీద అనుభవజ్ఞులు కూడా ఈ పనిని నెమ్మదిగా చేస్తారు. పవర్ మిషన్ మీద, ప్రెషర్ ఫుట్ అంచును బట్ట అంచుకు ఆనించి పట్టుకుంటే పావు అంగుళం తప్పకుండా వచ్చేస్తుంది.

కాలరు మూల దగ్గర ఈ మిషన్ అసలు విలువ బయటపడుతుంది. బల్ల కింద మోకాలికి తగిలే ఒక మెత్త ఉంటుంది, దాన్ని మోకాలితో పక్కకు నెడితే ప్రెషర్ ఫుట్ పైకి లేస్తుంది. ఆగినప్పుడు సూది బట్టలోకి దిగే ఆగాలని ముందే సెట్ చేసి పెట్టుకోవచ్చు. అంటే మూలకు వచ్చేసరికి కాలు ఆపగానే సూది బట్టలో గుచ్చుకుని నిలబడుతుంది, మోకాలితో ఫుట్ లేపి, రెండు చేతులతో బట్టను తిప్పి, మళ్ళీ దించి కుట్టుకుపోవచ్చు. చేతులు బట్టను ఒక్క క్షణం కూడా వదలనక్కరలేదు. దాంతో కాలరు మొన గుండ్రంగా మారకుండా మొనలాగే నిలుస్తుంది. అది కుట్టిన రోజున మా పిల్ల నా దగ్గరకు తెచ్చి, "అత్తా, ఇది ఇంట్లో కుట్టినట్టు లేదు కదూ" అని అడిగింది. నిజంగానే లేదు. తన ఊహ తన చేతుల్లో చవకగా మారిపోలేదన్న నమ్మకం ఆ వయసు పిల్లలకు ఎంత అవసరమో ఈ రంగంలో ఉన్నవారికే తెలుస్తుంది. డిజైన్ బాగున్నా కుట్టు బాగోలేదని పక్కన పడేసిన బట్టలతో ఎంతమంది ఆసక్తి ఆగిపోయిందో నేను చూశాను.

మగపిల్లల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే కుట్టు నేర్చుకోవాలనుకునే అబ్బాయిలను ఇంకా కొందరు నవ్వుతూ చూస్తున్నారు. మన ఊళ్ళలో టైలర్లలో మగవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు, ఇందులో నవ్వవలసిందేమీ లేదు. మా వీధిలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక కుర్రవాడు, "ఆంటీ, మా క్లాసులో అందరి చొక్కాలూ ఒకే దుకాణంలో కొన్నట్టు ఉంటాయి" అంటూ వచ్చి, పోచంపల్లి ఇక్కత్ బట్టతో చొక్కా కుట్టడం నేర్చుకున్నాడు. ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు వేసి రంగులద్దుతారు కాబట్టి బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి, అదే దాని అందం. చొక్కాలో ఎడమ కుడి ముక్కల మీద, జేబు మీద ఆ బొమ్మ కలవాలంటే స్కేలు పెట్టి కొలిస్తే కుదరదు, కంటితోనే కలుపుకోవాలి. ఇక్కడ పవర్ మిషన్‌లో ఉన్న ఒక స్వభావం తెలుసుకోవాలి. కింది పళ్ళు లాగేది కింది పొరనే, పై పొర ఫుట్ కింద కాస్త వెనకబడుతుంది. పొడవాటి కుట్టు చివరికి వచ్చేసరికి ఆ తేడాతో బొమ్మ జారిపోతుంది. పై స్క్రూ వదులు చేసి ఫుట్ ఒత్తిడి తగ్గించడం, ముందుగా చేత్తో టాకాలు, అంటే తరువాత తీసేసే పెద్ద కుట్లు, వేసుకోవడం, ఈ రెండూ చేస్తే సమస్య ఉండదు. ఆ కుర్రవాడు జేబు నాలుగు వైపులా టాకాలు వేసి కుట్టాడు, జేబు ఎక్కడ ఉందో దగ్గరికి వచ్చి చూస్తే తప్ప కనిపించలేదు. చేనేత బట్ట అంటే పెద్దవాళ్ళకో ఆఫీసులకో అనుకునే వయసులో ఉన్న పిల్లలు దాన్ని తమ తీరులో వేసుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఇక ఈ మిషన్‌కు చేతకాని పనులు. ఇది ఒక్క తిన్నని కుట్టే వేస్తుంది. జిగ్‌జాగ్ లేదు, కాజాలు కుట్టదు, పోగులు ఊడకుండా అంచు కట్టే ఓవర్‌లాక్ చేయదు, చీరకు పికో చేయదు. మగ్గం వర్క్ అయితే అసలు వేరే విద్య, అది చట్రానికి బట్ట బిగించి ఆరి సూదితో చేత్తో చేసేది. కాజాలు, ఓవర్‌లాక్, పికో చేసి ఇచ్చే దుకాణాలు మన ఊళ్ళలో దొరుకుతాయి కాబట్టి మొదట్లో అక్కడ చేయించుకోవచ్చు, వాటికోసం వెంటనే ఇంకో మిషన్ కొననక్కరలేదు.

ఒక్క విషయం మాత్రం కొనే ముందే ఆలోచించుకోవాలి. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఇష్టమైనవి వదులు టీషర్టులు, హుడీలు, ట్రాక్ ప్యాంట్లు. అవన్నీ సాగే అల్లిక బట్టలు. ఈ మిషన్ వేసే లాక్ స్టిచ్‌కు సాగే గుణం చాలా తక్కువ, బట్ట సాగినప్పుడు దారం పటుక్కున తెగిపోతుంది. అలాంటి బట్టలకు నాలుగు దారాల ఓవర్‌లాక్ మిషన్, అంచులు మడిచి కుట్టడానికి ఫ్లాట్‌లాక్ మిషన్ కావాలి. కాబట్టి మీ అబ్బాయి గీసే బొమ్మలన్నీ హుడీలే అయితే ఈ మిషన్ కొని పెట్టడం వల్ల వాడికి పెద్దగా ఉపయోగం ఉండదు. జాకెట్లు, లంగా ఓణీలు, కుర్తాలు, చొక్కాలు, కోట్లు, లెహెంగాలు వంటి నేసిన బట్టల పని మీద మనసున్న పిల్లలకే ఇది తగినది. పిల్లల నోటుపుస్తకంలో వాళ్ళు ఏమి గీస్తున్నారో ఒకసారి చూసి, ఆ తరువాత దుకాణానికి వెళ్ళమని తల్లిదండ్రులకు నా మనవి.

అలాగే, మిషన్ కటింగ్ నేర్పదు. జాకెట్టు చంక దగ్గర ముడతలు పడితే, వీపు మీద బట్ట ఎత్తుకుంటే, అది కుట్టులో తప్పు కాదు, కొలతలోను కటింగ్‌లోను జరిగిన తప్పు. బ్రౌన్ పేపర్ మీద డ్రాఫ్టింగ్, ఒంటికి పట్టేలా వేసే మడత కుట్టు, అంటే డార్ట్, ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తెలియడం, ప్రిన్సెస్ కట్‌కూ కటోరీ జాకెట్టుకూ తేడా చేత్తో వేసి చూడడం, ఇవన్నీ మనిషి దగ్గర నేర్చుకోవలసినవే. అందుకే కనీసం కొన్ని నెలలు సాదా మిషన్ మీద నేర్చుకుని, ఒక జాకెట్టు, ఒక కుర్తా తానుగా కత్తిరించి కుట్టగలిగిన పిల్లకే పవర్ మిషన్ కొనమంటాను. అంతకు ముందు కొంటే, చేతకాని పని వేగంగా చేసినట్టు అవుతుంది.

ధర చూస్తే, బల్ల, స్టాండు, మోటారుతో కలిపి మామూలు మోడళ్ళు 20 వేల నుంచి 30 వేల రూపాయల మధ్య దొరుకుతున్నాయి. దారం దానంతటదే తెంపే ఆటో ట్రిమ్మర్ ఉన్నవి ఇంకా ఎక్కువ. ఆ సౌకర్యం రోజుకు పదుల కొద్దీ బట్టలు కుట్టేవారికి సమయం ఆదా చేస్తుంది గాని, నేర్చుకునే దశలో అవసరం లేదు. ఆ మిగిలిన డబ్బుతో మంచి కత్తెర, స్టీమ్ ఇస్త్రీ పెట్టె, నిలబడి కత్తిరించుకోవడానికి వీలైన ఎత్తులో ఒక బల్ల కొనుక్కుంటే చాలా మేలు. ఇస్త్రీ విషయం నొక్కి చెబుతున్నాను. ప్రతి కుట్టు తరువాత ఇస్త్రీ చేసిన బట్టకూ చివర్లో ఒక్కసారి చేసిన బట్టకూ తేడా ఎవరి కంటికైనా కనిపిస్తుంది.

చోటు కూడా చూసుకోవాలి. బల్ల నాలుగు అడుగుల పొడవు ఉంటుంది, తల ఒక్కటే దాదాపు 30 కిలోల బరువు, పని అయ్యాక తీసి బీరువాలో పెట్టేది కాదు. అద్దె ఇళ్ళలో పైఅంతస్తులో ఉండేవారు మెట్ల మలుపు కొలుచుకోవడం మంచిది. కరెంటు విషయంలో, సర్వో మోటారును నడిపేది ఒక ఎలక్ట్రానిక్ బోర్డు, వోల్టేజీ హెచ్చుతగ్గులకు దెబ్బతినేది అదే. సరైన ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, స్టెబిలైజర్ రెండూ ఉండాలి. పాత తొక్కుడు మిషన్‌కు ఉన్న గొప్ప సుగుణం కరెంటు పోయినా ఆగకపోవడం, అది దీనికి లేదు. పల్లెల్లో ఉండేవారు ఇంట్లో నల్ల మిషన్ ఉంటే అమ్మేయకుండా ఉంచుకోవడమే మంచిది.

మిషన్ అడుగున నూనె తొట్టి ఉంటుంది. అందులో తెల్లటి మిషన్ నూనెను రెండు గుర్తుల మధ్య ఉండేలా పోయాలి. నడుస్తున్నప్పుడు పైన ఉన్న చిన్న గాజు కన్నులో నూనె చిందుతూ కనిపిస్తుంటే లోపల ప్రవాహం సరిగా ఉన్నట్టు. అది కనిపించకపోతే వెంటనే ఆపేయాలి. కొన్ని రోజులు నడపకుండా ఉంచిన మిషన్ మీద నేరుగా పట్టు బట్ట పెట్టకుండా, ముందు పనికిరాని తెల్ల గుడ్డ మీద కాసేపు కుట్టి నూనె మరక పడడం లేదని చూసుకోవాలి. సూదుల విషయంలో పొదుపు పనికిరాదు. జార్జెట్‌కూ పలుచటి పట్టుకూ 11 నంబరు, మామూలు నూలుకు 14, దళసరి బట్టకు 16 వాడాలి. మొన అరిగిన సూది జరీ పోగును లాగేస్తుంది, ఒకసారి లాగిన జరీ మళ్ళీ సర్దుకోదు.

ఇప్పుడు ఉపాధి సంగతి. ఈ మిషన్ కొన్న పిల్లలు మొదటి నెల నుంచే సొంత లేబుల్ పెట్టాలని కలలు కంటారు. కలను నేను కాదనను, కాని మొదట ఆల్టరేషన్లు తీసుకోమని చెబుతాను. ఇంకొకరు కుట్టిన బట్టను విప్పినప్పుడు అది ఎలా కట్టుబడి ఉందో కనిపిస్తుంది. ఎక్కడ గట్టిదనం కోసం కాన్వాస్ పెట్టారు, లైనింగ్ ఎక్కడ పట్టించారు, పెద్ద కంపెనీలు మార్జిన్ ఎంత వదులుతాయి అన్నది ఏ క్లాసులోనూ ఇంత స్పష్టంగా అర్థం కాదు. ఆ తరువాత శ్రావణమాసం వస్తుంది, వరలక్ష్మీ వ్రతాలు, పెళ్ళిళ్ళు, జాకెట్ల మీద జాకెట్లు. చెప్పిన తేదీకి ఇవ్వగలిగినన్నే ఒప్పుకోవడం అప్పుడే నేర్చుకోవాలి. ధర కట్టేటప్పుడు పిల్లలు లైనింగ్, దారం, హుక్స్ లెక్కవేస్తారు గాని, తమ సమయాన్ని లెక్కలోకి తీసుకోరు. హెమ్మింగ్‌కూ హుక్స్ కుట్టడానికీ చేత్తో పట్టే సమయం మిషన్ మీద గడిపే సమయం కంటె ఎక్కువైన సందర్భాలు చాలా ఉంటాయి. దాన్ని కలపకుండా ధర చెబితే ఏడాది కష్టపడినా మిషన్ ఖరీదు తిరిగి రాదు.

చదువు దారిలో వెళ్ళాలనుకునేవారికి కూడా ఈ మిషన్ మీద సాధన వృథా పోదు. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ కింద 1986లో మొదలైన జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్‌కు 1995 నుంచి హైదరాబాద్ మాదాపూర్‌లో కేంద్రం ఉంది. అక్కడి నాలుగేళ్ళ డిజైన్ డిగ్రీ ప్రవేశ పరీక్షలో రాతపరీక్షతో పాటు, ఇచ్చిన వస్తువులతో అక్కడికక్కడే ఒక నమూనా తయారుచేసి చూపించే పరీక్ష కూడా ఉంటుంది. చేతిపని అలవాటు ఉన్న పిల్లలకు అక్కడ బెదురు ఉండదు. అయితే నాలుగేళ్ళ ఫీజు పది లక్షలు దాటుతుంది, అందరి వల్లా అయ్యేది కాదు. అంత స్తోమత లేనివారు ఐటీఐలను చిన్నచూపు చూడకూడదని నా అభిప్రాయం. ఐటీఐలలో సూయింగ్ టెక్నాలజీ, ఫ్యాషన్ డిజైన్ అండ్ టెక్నాలజీ అనే ఏడాది కోర్సులు ఉన్నాయి. ఇప్పటికే ఈ పనిలో ఉన్నవారికి, 2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది, వాటిలో దర్జీ పని ఒకటి. 18 ఏళ్ళు నిండి, సొంతంగా ఈ పని చేసుకుంటున్నవారికి శిక్షణ, పరికరాల కోసం 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు రుణం ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే ఇది వర్తిస్తుంది కాబట్టి, ఇంట్లో నిజంగా మిషన్ మీద కూర్చునేవారి పేరుతోనే దరఖాస్తు చేసుకోవాలి.

మూడో దారి ఫ్యాక్టరీ. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో ఉన్న బ్రాండిక్స్ అపారెల్ సిటీ వంటి చోట్ల పనిచేసేవారిలో అత్యధికులు మహిళలే. అటువంటి కుట్టు లైన్లలో ఎక్కువగా కనిపించేది ఈ సింగిల్ నీడిల్ మిషనే. లైనులో ఒక అమ్మాయికి రోజంతా ఒకే పని, జేబు అతికించడమో భుజం కుట్టడమో. అదే మిషన్ మీద ఇంట్లో కూర్చున్న అమ్మాయి మొత్తం బట్టను మొదటి నుంచి చివరి వరకు తానే తీర్చిదిద్దుతుంది. ఈ రెండు బతుకుల్లో ఒకటి గొప్ప, ఇంకొకటి తక్కువ అని నేను అనను. నెల జీతం మీద ఇల్లు నడిపే అమ్మాయి స్వతంత్రం కూడా చిన్నది కాదు. పైగా ఫ్యాక్టరీలో కొంతకాలం పనిచేసి వచ్చిన పిల్లల చేతిలో ఒక క్రమశిక్షణ ఉంటుంది, మార్జిన్ ఎక్కడా మారదు, దారం ముక్క ఎక్కడా వేలాడదు. అలాంటి పిల్లలు తమకంటూ ఒక డిజైన్ గీసుకోవడం మొదలుపెడితే వాళ్ళ పనిని మించినది మా ఊళ్ళో నేను చూడలేదు. లోటల్లా వాళ్ళకు గీయడం నేర్పేవారు లేకపోవడమే. శిక్షణ కేంద్రాలు కుట్టు నేర్పి ఆపేయకుండా, బొమ్మ గీయడం, రంగులు కలపడం, తమ ఊరి నేత గురించి తెలుసుకోవడం కూడా నేర్పితే ఎంతో బాగుంటుంది.

మొత్తం మీద, నేసిన బట్టలతో పనిచేయాలనుకుని, కటింగ్ కొంతైనా వచ్చి, ఇంట్లో చోటూ నిలకడైన కరెంటూ ఉన్న పిల్లలకు డైరెక్ట్ డ్రైవ్ పవర్ మిషన్‌ను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఆటో ట్రిమ్మర్ లేని సాదా మోడల్ చాలు. సరదాగా అప్పుడప్పుడు కుట్టుకునేవారికి, రకరకాల కుట్లతో ప్రయోగాలు చేయాలనుకునేవారికి తేలికపాటి జిగ్‌జాగ్ మిషనే మేలు, దాన్ని పని అయ్యాక మూత పెట్టి పక్కన పెట్టుకోవచ్చు కూడా.

కొనడానికి వెళ్ళేటప్పుడు మీరు ఎక్కువగా కుట్టబోయే బట్టల ముక్కలను మీతో తీసుకువెళ్ళండి. రెండు పొరల నూలు, పలుచటి జార్జెట్, నాలుగు మడతల జీన్స్ ముక్క, మూడింటి మీదా కుట్టించి చూసి, ప్రతిసారీ బట్టను తిరగేసి కింది వైపు దారం ఉచ్చులుగా వదులైందేమో గమనించండి. బట్ట మార్చినప్పుడు టెన్షన్, అంటే దారం బిగువు, కొద్దిగా సవరించాల్సి రావడం సహజమే, కాని సవరించిన తరువాత కూడా ఉచ్చులు పోకపోతే ఆ మిషన్ వద్దని చెప్పండి. మెకానిక్ మీ ఊళ్ళోనే ఉన్నాడా, పిలిస్తే ఎన్నాళ్ళలో వస్తాడు, మొదటి సర్వీసు ఉచితమా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి. మిషన్ తలకూ మోటారు బోర్డుకూ వారంటీ వేరువేరుగా ఉండవచ్చు, రెండూ ఎన్నేళ్ళో బిల్లు మీదనే రాయించుకోండి. ఇంటికి తెచ్చిన తరువాత మొదటి నెల వేగం పెంచకుండా నడపండి, కొత్త భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకోవడానికి ఆ సమయం పడుతుంది.